నారాయణప్ప సారు కవర్లు

నా పని కొలవడం. పెనుకొండ మండలంలో గ్రామ సర్వేయరుని. గట్టు నాదంటే నాదని కొట్టుకునే అన్నదమ్ముల మధ్య రోవర్ కర్ర నిలబెట్టి, ఉపగ్రహం చెప్పిన లెక్క చదివి, ఇది నీది అది వాడిది అని తేల్చి, ఇద్దరి చేతా తిట్లు తిని ఇంటికి రావడం. ఆరేళ్లుగా ఇదే బతుకు. బెత్తెడు తేడా వస్తే నాకు ఆ పూట ముద్ద దిగదు.

అందుకే ఈ సంగతి రాయబోతే ముందు కోపం వస్తుంది, తరవాత సిగ్గేస్తుంది. కోపం సంగతి ముందు చెప్తాను. అది సులువు.

హిందూపురంలో మా నాయనది చింతపండు దుకాణం. ఇంటర్ రెండేళ్లూ నేను పెనుకొండలో మా మేనత్త ఇంట్లో ఉండి చదువుకున్నాను. కాలేజీలో ఆటల సారు నారాయణప్ప. నా నడక చూసి, "నువ్వు ఎనిమిది వందల మీటర్లకు పుట్టినావు మా" అన్నాడు. ఎనిమిది వందలంటే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. రెండేళ్లు పొద్దున్నే లేచి పరిగెత్తాను. పదిహేడేళ్ల కిందట, రాష్ట్ర పోటీలకు ముందు, సారు నా పేరు మీద ఒక కవరు రాశాడు. ఈ పిల్ల రాష్ట్ర జూనియర్ రికార్డు బద్దలు కొడుతుందని అందులో టైముతో సహా ఉంది. నేను ఆ టైముకు రెండున్నర సెకన్లు వెనకబడి నాలుగో స్థానంలో వచ్చాను.

సారు హిందూపురం వచ్చి, దుకాణంలో బేరగాళ్లు నిలబడి ఉండగా మా నాయనతో చెప్పాడు. "కాళ్లలో బలముండాదప్పా మీ పాపకు. గుండెలో లేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి."

అంతే. నా పరుగు అక్కడ ఆగిపోయింది. పిరికిదన్న పేరు మాత్రం ఆగలేదు. పెళ్లిచూపుల్లో మా పిన్ని నవ్వుతూ చెప్పింది, మా వాణికి భయమెక్కువ అని. ఈ ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయన అడిగాడు, పొలాల్లో మగవాళ్లు గొడవపడితే నువ్వు నిలబడగలవా అని. పదిహేడేళ్లు నేను కూడా నమ్మాను. ఆ రోజు స్టార్టు గీత దగ్గర నాకు భయం వేసిందా లేదా అని ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నానో లెక్కలేదు. గుర్తు తెచ్చుకునే కొద్దీ భయం వేసినట్టే అనిపించేది.

సారు కవర్ల సంగతి చెప్పాలి. ఆయన గదిలో గోడ నిండా గ్రాఫు కాగితాలు. ఒక్కో పిల్లకు ఒక్కటి. ప్రతి ఆదివారం తీసిన టైము ఒక చుక్క. చుక్కల్ని కలుపుతూ ఎర్ర గీత. రికార్డు టైము దగ్గర అడ్డంగా పచ్చ గీత. ఎర్ర గీతను స్కేలు పెట్టి పొడిగిస్తే అది పచ్చ గీతను ఏ తేదీన కోస్తుందో, ఆ తేదీకి ఏ పోటీ దగ్గరుంటే ఆ పోటీలో రికార్డు పోతుందని సారు లెక్క. ఆ రోజు రావలసిన టైమును చీటీ మీద రాసి, కవర్లో పెట్టి, లక్క అంటించి, ధర్మవరంలో పట్టుచీరల కొట్టు పెట్టుకున్న కృష్ణకాంత్ సేటుకు ఇచ్చేవాడు. పిల్లలకు బూట్లు కొనిచ్చేది ఆ సేటే. పోటీ అయ్యాక సేటు కొట్లో పదిమంది ముందూ కవరు చించి చదువుతారు.

మా గ్రౌండులో జరిగిన పోటీల్లో ఆ కవర్లు చెప్పింది చెప్పినట్టు జరిగేవి. జోనల్ రికార్డులు మూడు మా గ్రౌండులోనే పడ్డాయి. పేపర్లో సారు ఫొటో వచ్చింది. రికార్డుల సారు అని పేరు. పెద్ద ఊళ్లలో, ఎలక్ట్రానిక్ గడియారం పెట్టిన ట్రాకుల మీద మాత్రం మా పిల్లలు ఒక్కరు కూడా కవరును అందుకోలేదు. అందరూ రెండు సెకన్లో మూడు సెకన్లో వెనకే. కారణం సారుకు తెలుసు, మాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. భయం. అందుకే పోటీకి పోయే ముందు ప్రతి పిల్లనూ దర్గాకు తీసుకెళ్లి నెమలీకలతో తుడిపించి తాయెత్తు కట్టించేవాడు. తాను మాత్రం పోటీకి వచ్చేవాడు కాదు. తనను చూస్తే పిల్లలకు భయం ఎక్కువవుతుందట. ఎవరో ఒక లేడీ టీచరును తోడిచ్చి పంపేవాడు.

ఈ ఏడాది కవరు పవిత్ర పేరు మీద. నల్లమాడ దగ్గర గొర్రెలు మేపుకునే ఉలిగప్ప కూతురు. పదిహేడేళ్లు, జనవరికి పద్దెనిమిది నిండుతాయి. నిండితే ఆ వయసు పోటీల్లోకి మళ్లీ రానివ్వరు. నవంబరులో గుంటూరు దగ్గర రాష్ట్ర పోటీలు. మొదటి ఇద్దరికీ స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు, తిండి. రికార్డు కొడితే పైనుంచి ఇంకా ఏవో. ఆ ఇద్దరిలో పవిత్ర ఉండడం ఖాయమని సారు ఉలిగప్ప చేతిలో చెయ్యేసి చెప్పాడు.

"ఈ ఒక్క తూరి చూస్తా సారూ" అన్నాడట ఉలిగప్ప. "కాలేదంటే వాళ్లక్క మాదిరి హిందూపురంలో కుట్టు ఫ్యాక్టరీకి పోతాది. నాకు ఇంగ శక్తి లేదు."

పోటీ ఆదివారం. ఆ ముందు మంగళవారం నేను కాలేజీ గ్రౌండుకు పోయాను. వెనక గోడ జరిపి ఎవరో రెండు గదులు కట్టుకున్నారని ఫిర్యాదు వచ్చింది. గోడ కొలిచాను. జరిపిన మాట నిజమే. పని తొమ్మిదికల్లా అయిపోయింది. ఎండ ఇంకా ముదరలేదు. చేతిలో రోవర్ ఉంది. ఎదురుగా ట్రాకు. లోపలి అంచుకు సారు పాతించిన ఇటుకలు అలాగే ఉన్నాయి, కొన్ని అరిగాయి. ఒకప్పుడు నేను రోజూ తిరిగిన దారి కదా అని, ఇటుకల పక్కనే కర్ర దించుకుంటూ ఒక చుట్టు నడిచాను. అంచుకు ఎంత ఎడంగా కొలవాలో నాకు తెలుసు. అట్లాగే కొలిచాను.

నాలుగు వందల మీటర్లు రావాలి. మూడు వందల తొంభై రెండు వచ్చింది.

నేనే ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ నడిచాను. మూడు వందల తొంభై రెండు.

అటెండరు గంగప్ప స్టోరు రూము ముందు కూచుని బీడీ తాగుతున్నాడు. ట్రాకు వేసిన నాటి టేపు ఉందా అని అడిగాను. వెతికి వెతికి, పగిలిన జావెలిన్ కర్రల కింద నుంచి తోలు పెట్టె ఒకటి తీసిచ్చాడు. యాభై మీటర్ల గుడ్డ టేపు. బయటికి లాగాను. మొదలు తెగిపోయి ఉంది. కొసకు సుతిలి తాడు ముడేశారు. ముడి పక్కన కనబడే అంకె ఒకటి.

"గంగప్పా, ట్రాకు కొలిచింది దీంతోనేనా?"

"దీంతోనే మా. ఈ కొస నేను పట్టుకున్యా, ఆ కొస సారు."

"మొదలు తెగిపోయింది గదా. నువ్వు యాడ పట్టుకుంటివి?"

"ఉండేదే ఒకటి కాడి నుంచి గదా మా. ఒకటి కాడ పట్టుకున్యా."

"సారుకు చెప్పినావా?"

గంగప్ప నా వైపు వింతగా చూశాడు. "సారు చదువుకున్నోడు. ఆయప్పకు తెల్దా అనుకున్యా."

కొస తెగిన టేపు ప్రతి మేస్త్రీ దగ్గరా ఉంటుంది. కొలిచి, ఒకటి తీసేసి చెప్తారు. కొస తెగిన సంగతి తెలిస్తే తీసేస్తారు. సారు అవతల నిలబడి యాభై అంకె చూసి మేకు కొట్టాడు. అది నలభై తొమ్మిది. అట్లా ఎనిమిది సార్లు. చుట్టుకు ఎనిమిది మీటర్లు, రెండు చుట్లకు పదహారు. పదహారు మీటర్లు పరిగెత్తడానికి నాకు ఎంత పట్టేదో వేళ్ల మీద లెక్క వేశాను. రెండున్నర సెకన్లు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. ఆ మాట మాత్రం ఎవరికీ తోచలేదు, ఆడినవాళ్లనే అన్నారు. ట్రాకు వేసిన ఈ పందొమ్మిదేళ్లలో నలభై మందిమి ఉంటాం. మా భయాన్ని నెమలీకలతో తుడిపించారు. నేను సున్నం బస్తా మీద కూచుని ఏడ్చాను. గంగప్ప బీడీ పారేసి, ఏమైంది మా, ఏమైంది మా అంటూ నీళ్లు తెచ్చాడు. ఏం కాలేదు, నా పరుగు నాకు దొరికింది అని చెప్తే ఆయనకు అర్థం కాదు.

ఇక్కడిదాకా కోపం. ఇక రెండోది.

బుధవారం సాయంత్రం సారు ఇంటికి పోయాను. కొలత కాగితాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేసి బ్యాగులో పెట్టుకున్నాను. చెప్పాలనే పోయాను, అది నిజం. హాల్లో కృష్ణకాంత్ సేటు ఉన్నాడు, కవరు తీసుకోవడానికి వచ్చాడు. ఉలిగప్ప నేల మీద కూచుని ఉన్నాడు, పక్కన పచ్చి చెనక్కాయల మూట. పవిత్ర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చెప్పులు లేకుండా చూస్తే ఆ పిల్ల పాదాలు మగపిల్లల పాదాల్లాగా వెడల్పు. ఆ రాత్రే ధర్మవరంలో రైలెక్కాలి.

నన్ను చూడగానే సారు ముఖం వెలిగింది. "రా మా వాణీ, మంచి టయానికి వచ్చినావు. పవిత్రా, ఈయమ్మను చూసినావా? నీకంటే బలమైన కాళ్లు. భయపడి పాడు చేసుకునింది. ఇప్పుడు కర్ర పట్టుకోని పొలాలెంబడి తిరుగుతాండాది. చూసి నేర్చుకో."

సేటు నవ్వాడు. ఉలిగప్ప నవ్వాలో లేదో తెలియక నా ముఖం చూశాడు.

బ్యాగు జిప్పు మీద ఉన్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు ఈ కాగితం తీస్తే ఏమవుతుంది? సారు చూస్తాడు, మిషను తప్పు చూపిస్తాండాది అంటాడు, లేదంటే నలుగురం కూచుని గుట్టుగా సర్దేసుకుంటాం. నాకది చాలదు. కవరు ఆదివారం తెరవనీ. సేటు కొట్లో, అందరి ముందూ, పెద్ద తెర మీద ఎలక్ట్రానిక్ గడియారం ఒక అంకె చూపించనీ, సారు చీటీ ఇంకో అంకె చూపించనీ. సారు నోరు తెరిచి భయం అనే మాట అననీ. అప్పుడు తీస్తాను కాగితం. పదిహేడేళ్లు మోసినదాన్ని నాలుగు రోజులు దాచలేనా?

నాకు కావలసింది నిజం చెప్పడం కాదు. నిజం పెట్టి కొట్టడం.

కాఫీ తాగి లేచాను. గేటు దాకా పవిత్ర నా వెనకే వచ్చింది. లోపలికి వినబడకుండా అడిగింది.

"అక్కా, నువ్వూ ఎనిమిది వందలే పరిగెత్తినావంట గదా. ఒక మాట చెప్తావా?"

"ఏంది?"

"మొదటి రౌండు అరవై రెండు సెకన్లలో పొమ్మంటాండాడు సారు. ఈడ పోతాండా, ఏం కాలే. ఆడ కూడా పోతే రెండో రౌండుకు నిలుస్తానా? నాకెందుకో ఎక్కువనిపిస్తాది."

ఆ పిల్లకు ఏ లెక్కా తెలియదు. కాళ్లకు ఏదో తెలిసింది. నాకు లెక్క తెలుసు. నిజమైన నాలుగు వందల మీటర్లు అరవై రెండులో పోవడమంటే మా గ్రౌండులో అరవై ఒకటి కంటే తక్కువలో పోవడం. ఆ వేగంతో ఈ పిల్ల ఎన్నడూ పోలేదు. పోతే ఆఖరి నూట యాభై మీటర్లలో తొడలు బిగుసుకుపోతాయి, చేతులు పైకి లేస్తాయి, ఒక్కొక్కరూ దాటిపోతారు. ఎనిమిది వందలు పరిగెత్తిన ఎవరికైనా తెలిసిన సంగతి. అరవై నాలుగులో పో తల్లీ అని ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఈ పిల్ల రెండో స్థానంలో వస్తే అందరూ శాలువాలు కప్పుకుంటారు, సారు కవరు కాస్త తప్పినా ఆ సంగతి మరుగున పడిపోతుంది, నా కాగితాన్ని ఎవరూ చూడరు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్తే అబద్ధం.

"సారు చెప్పినట్టే పో" అన్నాను.

పవిత్ర తల ఊపింది. మెడలో తాయెత్తు దారం కొత్తగా ఉంది.

ఆదివారం మూడింటికి ధర్మవరం చేరాను. సేటు కొట్టు మేడ మీద చీరలు పరిచే తెల్ల పరుపులన్నీ గోడ వైపు జరిపి, కుర్చీలు వేశారు. ఫోన్లో వచ్చే లైవును పెద్ద టీవీకి కలిపారు. నలభై మంది దాకా ఉన్నారు. బజారు వాళ్లు, ఇద్దరు విలేకరులు, కాలేజీ లెక్చరర్లు. పవిత్ర ఫొటోతో ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు. ఉలిగప్పను ముందు వరసలో కూచోబెట్టారు. కుర్చీకి తొడిగిన తెల్ల బట్ట మాసిపోతుందని ఆయన అంచు మీద కూచున్నాడు. సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో స్టాప్ వాచీతో నిలబడే ఉన్నాడు. నా బ్యాగు నా ఒళ్లో ఉంది.

తుపాకి పేలింది. ఎనిమిది మంది పిల్లలు. మొదటి మలుపు దాటేసరికే పవిత్ర ముందుంది. చెప్పినట్టే పోయింది. ఆ పిల్ల చెప్పిన మాట వినే పిల్ల. మొదటి రౌండు ముగిసి గంట కొట్టినప్పుడు తెర మూలన అరవై రెండు కనబడింది. వెనకవాళ్లకు పది మీటర్లు దూరం. మేడంతా ఈలలు, చప్పట్లు. ఎవరో కుర్చీ ఎక్కారు. సారు వాచీ వైపు, తెర వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

చప్పట్లు కొట్టనిది నేనొక్కదాన్నే. 

అవతలి వైపు తిన్నటి దారిలో కూడా ముందే ఉంది. ఆఖరి మలుపులో భుజాలు పైకి లేచాయి. గడ్డం పైకి లేచింది. అది చూసి నేను కళ్లు మూసుకున్నాను, మళ్లీ తెరిచాను, చూడకపోవడానికి నాకు హక్కు లేదనిపించింది. ఒకమ్మాయి దాటింది. ఇంకొకతె. గీత దగ్గర పవిత్ర పరిగెత్తడం లేదు, పడిపోకుండా నడుస్తోంది. అయిదో స్థానం. రెండు నిమిషాల పదిహేడు సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి టైము రెండు పదమూడున్నర. పవిత్ర మా గ్రౌండులో తీసిన టైముకు పదహారు మీటర్లు కలిపితే రెండు పన్నెండున్నర. సరైన వేగంతో బయల్దేరి ఉంటే హాస్టలు సీటు ఆ పిల్లదే.

 సేటు, ఏదో ఒకటి చెయ్యాలి కదా అన్నట్టు, లక్క పగలగొట్టి చీటీ చదివాడు. రెండు నిమిషాల తొమ్మిది సెకన్ల ఎనిమిది.

సారు స్టాప్ వాచీ జేబులో పెట్టుకున్నాడు. "గీతలో తప్పు లేదు" అన్నాడు. "పాప భయపడింది."

ఉలిగప్ప లేచి నిలబడ్డాడు. అంతమందిలో ఆయన గొంతు వినడం అదే మొదలు. "మా పాప తోడేలుకే భయపడలేదు సారూ. పోయిన వానాకాలం మంద మీద పడితే కర్ర ఎత్తుకోని ఒక్కతే తరిమింది. ఆడ ఏడు మంది ఆడపిల్లోల్లను చూసి భయపడతాదా?"

నేను కాగితం తీశాను. ఎన్ని రోజులుగా మనసులో అనుకున్న మాటలో, అన్నీ అన్నాను. ట్రాకు నాలుగు వందలు కాదు, మూడు వందల తొంభై రెండు అన్నాను. టేపు కొస తెగిన సంగతి చెప్పాను. నలభై మంది ఆడపిల్లల్ని పిరికివాళ్లని చేశారు సారూ, పిరికిది మీ టేపు అన్నాను. గొంతు వణకలేదు. విలేకరులు ఫోన్లు పైకెత్తారు.

"ఎనిమిది మీటర్లకు ఇంత రాద్ధాంతమా తల్లీ?" అన్నాడు సేటు. "అంత గ్రౌండులో ఎనిమిది మీటర్లు ఒక లెక్కా?"

"ఆరు గజాల చీర బెత్తెడు తక్కువ నేసిస్తే మగ్గమాయనకు కూలి ఇస్తావా సేటూ?"

 సారు కాగితం తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఆ కొస పట్టుకునింది గంగప్ప గదా" అన్నాడు ముందు.  తరవాత పెదాలు కదిలాయి, లెక్క వేస్తున్నాడు.  అరవై ఒక్కేళ్ల మనిషి, ఆరు నెలల్లో రిటైరు కావలసినవాడు, నలభై కుర్చీల మధ్య ఒక్కడే నిలబడి ఒక్కొక్క పిల్ల పేరూ నోట్లో అనుకుంటున్నాడని నాకు తెలిసింది.

"వాణీ" అన్నాడు. "నువ్వు భయపడలేదు మా."

పదిహేడేళ్లు నేను వినాలనుకున్న మాట. వచ్చింది. నిలబడి ఉన్న నాకు ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైంది. ఆ తరవాత ఉలిగప్ప అడిగాడు.

"అయితే సారూ, ట్రాకు తప్పని చెప్తే మా పాపను మళ్లా పరిగెత్తిస్తారా?"

 ట్రాకు తప్పు పెనుకొండలో. గుంటూరు ట్రాకులో ఏ తప్పూ లేదు. అక్కడ ఆ పిల్ల అయిదో స్థానమే.

సోమవారం పొద్దున రైలు. ధర్మవరం స్టేషనుకు నేనూ పోయాను. ఉలిగప్ప నాకంటే ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. నీ తప్పు లేదు తల్లీ అని ఆ పిల్లకు నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. నాకు పదిహేడేళ్లు ఆలస్యంగా దొరికింది, ఈ పిల్లకు మరునాడే దొరకాలని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా పోయాను.

పవిత్ర దిగింది. కుంటుతోంది. బ్యాగు నేను అందుకున్నాను. బెంచీ మీద కూచోబెట్టి అంతా చెప్పాను, టేపు, ఇటుకలు, ఎనిమిది మీటర్లు. అరవై రెండు అక్కడ అరవై రెండు కాదని చెప్పాను. నువ్వు భయపడలేదు, నీ కాళ్లలో లోపం లేదు, లెక్క తప్పు అని చెప్పాను. ఆ పిల్ల ముఖం కొంచెం కొంచెంగా విప్పారింది. నిన్నటి నుంచి తింటున్న దిగులు ఏదో దిగిపోతున్నట్టు ఊపిరి వదిలింది. చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎప్పుడు కొలిచినావక్కా?" అంది.

నిన్న అని చెప్పొచ్చు. శనివారం అని చెప్పొచ్చు. ఎవరూ కనుక్కోలేరు.

"మంగళవారం."

పవిత్ర నా వైపే చూస్తూ ఉంది. "బుధవారం నేను నిన్ను అడిగితిని గదా. గేటు కాడ."

"అడిగినావు."

రైలు కదిలింది. ఆ చప్పుడులో పవిత్ర మెల్లగా అంది. "సారు తెలీక చెప్పినాడు. నువ్వు తెలిసి చెప్పినావు."

నా చేతిలోంచి బ్యాగు తీసుకుని తన భుజానికి వేసుకుంది. బెంచీ అవతలి కొసన కూచున్న ఉలిగప్పకు మా మాటలు సరిగా వినబడలేదు, రైలు చప్పుడు. కూతురు లేవడం చూసి ఆయన కూడా లేచాడు. తలకు చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నా ముందుకొచ్చి రెండు చేతులూ ఎత్తాడు.

"అంతమందిలో మా పాప తప్పు లేదని నువ్వొక్కతే చెప్పినావు తల్లీ. నీ మేలు మర్చిపోము" అన్నాడు.

పవిత్ర అడ్డం చెప్పలేదు. నేను ఆ దండం తీసుకునేదాకా అక్కడే నిలబడి చూసింది.